ఒక్క చొక్కా ఎందుకు కుట్టరు?

1

కిందటేడు బడి తెరిచిన కొన్నాళ్లకు మా పిల్లలకు యూనిఫాం మూటలు వచ్చాయి. తరగతివారీగా పంచుతుంటే ఏడో తరగతిలో ఒక అబ్బాయి మిగిలిపోయాడు. వయసుకు మించి ఎదిగిన పిల్లవాడు. వచ్చిన చొక్కాల్లో అన్నిటికంటే పెద్దది తొడిగినా వాడికి గుండీలు కలవలేదు. మూటలు తెచ్చిన మనిషిని అడిగాను. "ఆ సైజుది ఒక్కటి కుట్టరు సార్. ఇట్లాంటి పిల్లలు మండలంల ఇరవై మంది ఉన్నరని రాసియ్యండి, అప్పుడు కుట్టిస్తరు" అన్నాడు. అతను ఎగతాళికి అన్న మాట కాదది. తనకు తెలిసిన లెక్క చెప్పాడు, అంతే. పిల్లవాడు మాత్రం ఆ చొక్కా మడతపెట్టి బల్ల మీద ఉంచి, పాత చొక్కాతోనే వెళ్లి కూర్చున్నాడు.

ఆ వారంలోనే నా పాత విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. సిరిసిల్ల వైపు సాంచాల మీద బతికిన కుటుంబం వాళ్లది. బట్టల డిజైను చదువుకుంది. పిల్లల బట్టలు సొంత పేరుతో అమ్మాలని ఆమె ప్రయత్నం. తిరుప్పూరులో ఒక ఫ్యాక్టరీవాళ్లు పంపిన కాగితం నా ముందు పెట్టింది. ఒక నమూనాలో ఒక రంగుకు కనీసం 500 చొక్కాలు ఆర్డరు ఇవ్వాలని అందులో ఉంది. మూడు రంగులు కావాలంటే 1,500.

"నాకు వంద చాలు సార్. ఆ వంద అమ్ముడుపోతయో లేదో కూడ తెల్వదు. వాళ్లు ఐదు వందల కంటె తక్కువైతే మాట్లాడనే మాట్లాడరు. ఈ ఐదు వందలు ఎవరు పెట్టిన లెక్క సార్?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. తెలుగు ఎం.ఏ. చదివి, రెండు దశాబ్దాలుగా పాఠాలు చెప్పుకుంటూ, నేత బతుకుల మీద వచ్చిన కథలనూ కవితలనూ విమర్శించిన వాణ్ని నేను. మన సాహిత్యంలోకి మగ్గం వచ్చింది, నేతగాడి ఆకలి వచ్చింది, ఆత్మహత్య కూడా వచ్చింది. కాని ఆ మగ్గాన్ని నడిపేదీ ఆపేదీ అయిన "ఆర్డరు" అనే వస్తువు మాత్రం రాలేదు. ఎన్ని కావాలి, ఎన్నయితేనే చేస్తాం, మిగిలితే ఎవరివి అనే మూడు ప్రశ్నలను మనం వ్యాపారస్తుల సంగతి అనుకుని వదిలేశాం. అది పొరపాటని ఇప్పుడు అనిపిస్తోంది. ఒక అంకె వెనుక ఎంత చరిత్ర ఉంటుందో చూడాలని ఈ వ్యాసం.

2

మగ్గం దగ్గరే మొదలుపెడదాం. చేమగ్గం మీద ఒక్క చీర నేయవచ్చునా? నేయవచ్చు. కాని ఎవరూ నేయరు. ఒక్క చీరకైనా నూలు తోడాలి, పడుగు పోయాలి, వీధిలో చాచి గంజి పెట్టాలి, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు పోగుకు పోగు అతకాలి. ఈ పని ఒక చీరకైనా అంతే, ఎనిమిది చీరలకైనా దాదాపు అంతే. అందుకని ఒక పడుగు మీద నాలుగో, ఆరో, ఎనిమిదో చీరలు వచ్చేటట్టు పోసుకుంటారు. కనీసపు లెక్కకు ఇదే అతి పురాతనమైన రూపం. దీన్ని ఏ షావుకారూ నిర్ణయించలేదు. పని స్వభావమే నిర్ణయించింది.

అయితే ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, పడుగు ఒకటే అయినా చీరలన్నీ ఒకటే కానక్కర లేదు. పేక రంగు మార్చవచ్చు, కొంగు మార్చవచ్చు, బుటా వేయవచ్చు, మానవచ్చు. అంటే పని ఒక మొత్తాన్ని కోరింది గాని, ఆ మొత్తంలో ప్రతిదీ ఒకే అచ్చులో ఉండాలని కోరలేదు. పాల్కురికి సోమనాథుడు ఏకరువు పెట్టిన బట్టల పేర్లు చదివి ఇన్ని రకాలా అని మనం ఆశ్చర్యపోతాం. చిన్న మొత్తాల్లో ఎన్నో రకాలు తీయగల ఉత్పత్తి విధానం ఉన్నచోటే అన్ని పేర్లు పుడతాయి.

రెండోది, ఆ పడుగు పనిలో ఎక్కువ భాగం ఇంటి ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ చేసేవారు. దానికి విడిగా కూలి లేదు. నేత కూలిలోనే కలిసిపోయింది. కాబట్టి చిన్న మొత్తాలతో సాగిన పాత నేతను స్వర్ణయుగంగా చిత్రించే పని నేను పెట్టుకోను. ఒకప్పుడు నేనూ అట్లా రాశాను. "ఒక్కొక్క చీరా ఒక్కొక్క కావ్యం" అనే ధోరణిలో రాస్తూ, ఆ కావ్యానికి కండెలు చుట్టిన అమ్మమ్మ కూలి లెక్క అడగలేదు. ఆ పొరపాటు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

3

పని స్వభావం నుంచి పుట్టిన లెక్క ఓడ స్వభావం నుంచి పుట్టే లెక్కగా మారింది మన తీరం మీదే. డచ్చివాళ్ల వెనుకే ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో వ్యాపారకేంద్రం పెట్టింది. ఓడ గాలివాటాన్ని బట్టి వస్తుంది, గాలివాటాన్ని బట్టి వెళ్లాలి. వెళ్లేనాటికి నిండాలి. కాబట్టి లండనులో కూర్చున్నవాళ్లు ఏ రకం ఎన్ని వేల తానులు కావాలో జాబితా రాసి పంపేవారు. ఇక్కడివాళ్లు వర్తకుల ద్వారా నేతగాళ్లకు బయానా ఇచ్చి తానులు పోగుచేయించేవారు. కంపెనీ కాగితాల్లో లెక్క ఒకటీ రెండుగా సాగదు. ఇరవై తానుల కట్టలుగా సాగుతుంది.

జాబితాతోపాటు నమూనా కూడా వచ్చింది. 1643లోనే లండను డైరెక్టర్లు సూరత్‌కు రాస్తూ అద్దకపు దుప్పట్లలో తెల్లని నేల ఎక్కువగా ఉండాలని కోరారు. ఆ తర్వాత బొమ్మలే గీసి పంపారు. ఇప్పుడు బ్రాండ్లవాళ్లు పంపే డిజైను కాగితాలకు అవి ముత్తాతలు. నమూనా, అంకె, గడువు, నాణ్యత పరీక్ష, బాగాలేదని తోసివేయడం - ఈ అయిదూ ఒకచోట చేరిన రోజునే ఆధునికమైన ఆర్డరు పుట్టింది. కుట్టు మిషను పుట్టడానికి రెండు శతాబ్దాల ముందే పుట్టింది. ఈ సంగతి ముఖ్యం. కనీసపు ఆర్డరు యంత్రం తెచ్చిన నియమమని మన మిత్రులు కొందరు అంటారు. చరిత్ర ఆ మాటను బలపరచదు.

అయితే ఆనాటి ఆర్డరుకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణ భారత నేతను పరిశోధించిన ప్రసన్నన్ పార్థసారథి దాన్ని వివరంగా చూపించారు. బయానా తీసుకున్న నేతగాడు ఇష్టం లేకపోతే ఆ బయానా తిరిగి ఇచ్చి ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. వర్తకుడు మాత్రం ఇచ్చిన బయానా వెనక్కి ఇమ్మని అడిగే వీలు లేదు. ఆర్డరు నుంచి తప్పుకునే హక్కు నేసేవాడి చేతిలో ఉందన్న మాట. దీనికి కారణం వర్తకుల దయాగుణం కాదు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ దేశీయ వర్తకులూ ఒకే నేతగాడి కోసం పోటీపడుతున్నారు. ఒకరు కాకపోతే మరొకరు. అవసరమైతే ఊరు విడిచి వెళ్లిపోవడానికి మరో ప్రభువు రాజ్యం ఉంది.

1765-66 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. కొనేవాడే ఏలేవాడయ్యాడు. మధ్యవర్తులైన వర్తకులను తప్పించి, నేతగాళ్లను నేరుగా తన బయానాకు కట్టివేసి, తన పని పూర్తి కాకుండా ఇతరులకు నేయరాదన్న కట్టడి తెచ్చాడు. బయానా తిరిగి ఇచ్చి తప్పుకునే దారి మూసుకుపోయింది. నేతగాళ్లు అర్జీలు పెట్టారు, ఎదురు తిరిగారు. కాని న్యాయం చెప్పేవాడూ కొనేవాడూ ఒకడే.

ఆ తర్వాత కొనేవాడే వెళ్లిపోయాడు. అంతకుముందే ఇంగ్లండు 1700లో ఒక చట్టంతోనూ 1721లో మరో చట్టంతోనూ అద్దకపు బట్టకు తలుపులు మూసింది. తర్వాత లాంకషైరు మిల్లులు వచ్చాయి. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. 1833 చట్టంతో దాని వ్యాపారమే ఆగింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1832-33లో, గుంటూరు సీమ నందన కరువుతో తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క కొనుగోలుదారుడి పెద్ద ఆర్డరుకు అలవాటుపడ్డ మగ్గం, ఆ కొనుగోలుదారుడు తప్పుకున్నప్పుడు ఏమవుతుందో మన నేలకు అప్పుడే తెలిసింది.

4

ఇక చొక్కా సంగతి. పాత దర్జీకి కనీసం అనే మాట లేదు. ఒక మనిషి వస్తాడు, గుడ్డ తెస్తాడు, కొలత ఇస్తాడు, చొక్కా కుడతారు. ఇందులో గుర్తించవలసిన సూత్రం ఒకటుంది. ఆ చొక్కా కత్తెర పడక ముందే అమ్ముడుపోయింది. మిగిలిపోయే చొక్కా అనేది దర్జీ కొట్లో ఉండదు. ఎవరైనా కుట్టించుకుని తీసుకుపోకపోతే అది ఆ ఒక్కడి చొక్కాయే.

రెడీమేడ్ దుస్తులు ఈ వరసను తలకిందులు చేశాయి. ముందు కత్తిరించి, తర్వాత అమ్మాలి. ఇదీ మిషనుతో మొదలవలేదు. ఇంగ్లండులో నావికుల కోసం, కూలివాళ్ల కోసం ముతక బట్టలు ముందే కుట్టించి నిలవ చేయడం కుట్టు మిషను రాకముందే ఉంది. వాటిని చీకటి గదుల్లో చేత్తో కుట్టినవాళ్లు ఆడవాళ్లు. వాళ్ల మీద తామస్ హుడ్ రాసిన పద్యం 1843లో పంచ్ పత్రికలో వచ్చి దేశాన్ని కలవరపరచింది. అప్పటికి ఇంగ్లండులో కుట్టు ఫ్యాక్టరీ లేదు. అయినా గుత్తకు కుట్టించడం ఉంది, ముక్కకు ఇంతని కూలి ఉంది, బాగా లేదని కూలి కోయడం ఉంది.

ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో కుట్టు మిషనుకు పేటెంటు పొందాడు. ఎనభై మిషన్ల దాకా పెట్టి సైన్యానికి దుస్తులు కుట్టించసాగాడు. 1831లో పారిస్ దర్జీలు ఆ మిషన్లను విరగ్గొట్టారు. చరిత్ర పుస్తకాలు దీన్ని అజ్ఞానులు యంత్రం మీద చేసిన దాడిగా చెబుతాయి. కాని ఆ మిషన్లకు మొదటి ఆర్డరు ఎవరిదో చూడండి. సైన్యానిది. ఒకే రంగు, ఒకే కత్తిరింపు, వేల సంఖ్య, డబ్బిచ్చేది ప్రభుత్వం. మిషను మనిషికోసం కాక దండుకోసం మొదలైంది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో లక్షల సైనికులకు దుస్తులు కుట్టవలసి వచ్చినప్పుడు, సైనికుల కొలతల నుంచి సైజుల పట్టికలు ఏర్పడ్డాయి. మా బడి మూటల్లోని సైజుల అంకెలకు పూర్వీకులు అవే. ఏడో తరగతి అబ్బాయికి చొక్కా లేకపోవడానికి కారణం వాడి శరీరం కాదు. దండు లెక్కలో వాడికి గడి లేదు.

కుట్టు మిషను ఒక్కసారి ఒక్క చొక్కానే కుడుతుంది. ఆ లెక్కన మిషను స్వభావంలో కనీసం అనేది లేనే లేదు. కనీసాన్ని పెంచింది కత్తి. ఇంగ్లండులోని లీడ్సు పట్టణంలో జాన్ బారన్ అనే బట్టల వ్యాపారి 1858 ప్రాంతంలో, చెక్క పలకలు కోసే పట్టీ రంపాన్ని చూసి, గుడ్డను పొరలుపొరలుగా పేర్చి కోసే కత్తిని తెచ్చాడు. ఒక పొర కోయడానికి పట్టే సమయమే ఎన్నో పొరలు కోయడానికీ పడుతుంది. ఆ తర్వాత ఒక్క పొర కోయమని అడిగేవాడు నష్టం తెచ్చేవాడయ్యాడు.

5

ఇప్పుడు ఆ కాగితం మీది ఐదు వందలకు వద్దాం. తిరుప్పూరు బనియన్ల ఊరు. 1970ల చివర్లో అక్కడి నుంచి అల్లిక బట్టల ఎగుమతి ఊపందుకుంది. ఆ ఊరి ప్రత్యేకత ఏమంటే, పని అంతా ఒక కప్పు కింద జరగదు. అల్లేవారు ఒకరు, రంగు వేసేవారు ఒకరు, అచ్చు వేసేవారు మరొకరు, కుట్టేవారు ఇంకొకరు. ఆర్డరు తీసుకున్న ఆసామి అందరికీ పని పంచుతాడు. కాబట్టి అతను చెప్పే కనీసం అతని ఒక్కడిది కాదు. గొలుసులోని ప్రతివాడి కనీసాల్లో పెద్దదేదో అదే అతని నోట వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. వంద కిలోల గుడ్డ పట్టే రంగు తొట్టి ఉందనుకుందాం. ఒక టీషర్టుకు రెండు వందల గ్రాముల గుడ్డ అనుకుంటే, తొట్టి నిండితే 500 షర్టులు. ఇదే ఆ ఐదు వందలు. తొట్టి సగమే నింపినా ఆవిరీ నీరూ మనిషి రోజూ సగానికి తగ్గవు. రెండోసారి వేసిన రంగు మొదటి రంగుతో పూర్తిగా కలవదు కూడా. కత్తిరింపు బల్ల దగ్గర చూస్తే, ఒక పొరలో చిన్నది ఒకటి, మధ్యవి రెండు, పెద్దవి రెండు, అంతకంటే పెద్దది ఒకటి, వెరసి ఆరు పరిస్తే, ఎనభై పొరలకు 480. అక్కడా అదే అంకె దగ్గరికి వస్తాం. పేరు నేసిన లేబులు, గుండీలు, సంచీలు - వాటివాళ్లకూ వేల లెక్క ఉంటుంది. కుట్టు లైనులో కొత్త నమూనా వచ్చిన మొదటి రోజు చేతులు తిరగవు. నమూనా చేతికి అలవాటయ్యేసరికి ఆర్డరు అయిపోతే ఆ నష్టం ఎవరిది?

అంటే ఐదు వందలు అనేది గాలిలోంచి తీసిన అంకె కాదు. ఫ్యాక్టరీవాడి దురాశ అని కొట్టిపారేస్తే మనకు కోపం తీరుతుంది గాని విషయం అర్థం కాదు. అయితే అది ప్రకృతి నియమమూ కాదు. పాతిక కిలోల తొట్లున్నాయి. ఒక పొర కోసే కత్తెర ఉంది. మొత్తం తొట్టి ఖర్చు నేనే పెట్టుకుంటాను, యాభయ్యే కుట్టండి అంటే కుట్టేవాళ్లు ఉంటారు. కాబట్టి కనీసం అనేది ఒక భౌతిక హద్దు వేషం వేసుకున్న ధర. దాని అసలు అర్థం ఇది: చిన్నతనానికి అయ్యే ఖర్చును నేను భరించను, నువ్వు భరించు. భరించలేకపోతే మిగిలిపోయే సరుకును నువ్వు పెట్టుకో.

పై నుంచి పెద్ద బ్రాండ్లవాళ్లు ఒక్కో షర్టుకు పైసల లెక్కన ధర తగ్గిస్తూ వస్తే, ఆ ధరకు గిట్టుబాటయ్యే ఒకే మార్గం సంఖ్య. సంఖ్య కోసం ఫ్యాక్టరీ పెరుగుతుంది. పెరిగిన ఫ్యాక్టరీకి చిన్న ఆర్డరు భారం. 1974 నుంచి 2004 చివరి దాకా ప్రపంచ బట్టల వ్యాపారం దేశానికి ఇంతని కోటాల కింద నడిచింది. మన దేశంలో రెడీమేడ్ దుస్తులు చిన్న పరిశ్రమలకు కేటాయించిన జాబితాలో ఉండేవి. 2000 తర్వాతి ఏళ్లలో ఆ కేటాయింపూ పోయింది, 2005 జనవరి 1 నుంచి కోటాలూ పోయాయి. అప్పటి నుంచి పెద్దది మరీ పెద్దదవడానికి అడ్డు లేకపోయింది. నా విద్యార్థిని ముందు నిలబడ్డ అంకెలో ఈ ముప్పై ఏళ్ల విధాన చరిత్ర కూడా ఉంది.

ఆ తొట్టి చివరికి ఎక్కడ ఖాళీ అయిందో కూడా చెప్పాలి. తిరుప్పూరు రంగునీళ్లు నొయ్యల్ నదిలో కలిశాయి. సేద్యం కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయం రంగునీళ్ల మడుగయింది. దిగువ రైతులు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి రంగుల యూనిట్లను మూయమని ఉత్తర్వు ఇచ్చింది. షర్టు ధరలో ఆ రైతు ఖర్చు ఏనాడూ లేదు. కనీసపు లెక్క కట్టినప్పుడు ఎవరిని కలుపుకున్నాం, ఎవరిని వదిలేశాం అని అడగవలసింది ఇందుకే.

6

అయితే కనీసాన్ని తగ్గిస్తే సమస్య తీరుతుందా? ఈ ప్రశ్న దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. చిన్నది మంచిది, పెద్దది చెడ్డది అనే భావం మనలో చాలామందికి ఉంది. నాకూ ఉంది.

ఇటలీలో 1965లో మొదలైన బెనెట్టన్ కంపెనీ ఒక ఉపాయం కనిపెట్టింది. ఏ రంగు అమ్ముడుపోతుందో తెలిసేదాకా ఆగి, రంగు వేయని నూలుతో స్వెట్టర్లు అల్లి పెట్టుకుని, ఆ తర్వాత రంగు వేయడం. మిగిలిపోయే సరుకు తగ్గింది. అయితే ఆ అల్లిక పని చేసింది చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న చిన్న కార్ఖానాలు. పని లేని రోజుల బరువు కంపెనీ మీద కాక వాటి మీద పడింది.

ఇటీవలి కాలంలో చైనా నుంచి లేచిన షీఇన్ కంపెనీ ఇంకా ముందుకుపోయింది. ఒక నమూనాకు మొదట నూరో రెండు నూర్లో కుట్టించి, అమ్ముడుపోతే మళ్లీ కుట్టిస్తుంది. నా విద్యార్థిని కోరుకున్న వంద ఇదే కదా! కాని ఆ వంద ఎట్లా సాధ్యమైంది? స్విట్జర్లాండులోని పబ్లిక్ ఐ అనే సంస్థ గ్వాంగ్‌ఝౌలోని కుట్టు కార్ఖానాలను పరిశీలించి 2021లో వెల్లడించిన దాని ప్రకారం, అక్కడి కార్మికులు వారానికి 75 గంటలు పనిచేస్తున్నారు. నెలకు ఒక్క రోజు సెలవు. కూలి ముక్కల లెక్క. చిన్నతనానికి అయ్యే ఖర్చు మాయం కాలేదు. అది తొట్టి నుంచి మనిషి నిద్రలోకి మారింది.

పెద్ద ఆర్డరు చేసే అన్యాయం వేరు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు పగిలిన సంగతి ముందురోజే తెలుసు. అయినా కార్మికులను లోపలికి పంపారు. ఆర్డరు గడువు గోడ పగులు కంటే బలమైంది. మళ్లీ 2020 మార్చిలో కరోనాతో దుకాణాలు మూతపడగానే, పెద్ద బ్రాండ్లు ఇచ్చిన ఆర్డర్లను ఆపాయి, రద్దు చేశాయి. బంగ్లాదేశ్ ఎగుమతిదారుల సంఘం లెక్క ప్రకారం అట్లా ఆగిన, రద్దయిన ఆర్డర్ల విలువ 300 కోట్ల డాలర్లకు పైగానే. గుడ్డ కొన్నారు, కొన్నిచోట్ల కుట్టారు కూడా. కూలి ఇవ్వవలసినవాళ్లు మిగిలారు. విమర్శలు వచ్చాక కొందరు డబ్బు చెల్లించారు, కొందరు తగ్గించి చెల్లించారు.

ఇప్పుడు పద్దెనిమిదో శతాబ్దపు నేతగాణ్ని తలచుకోండి. బయానా తిరిగి ఇచ్చి తప్పుకునే హక్కు అతనిది. 2020లో తప్పుకునే హక్కు కొనేవాడిది. బయానా అసలు లేనే లేదు. ఐదు వందలో ఐదు లక్షలో అనే అంకెకంటే, తప్పుకునే హక్కు ఎవరిదన్నదే ఆర్డరు చరిత్రలో అసలు సంగతి.

7

ఇది ఎక్కడో పరదేశాల కథ కాదు. సిరిసిల్ల సాంచాల మీద 2000 తర్వాతి ఏళ్లలో ఎన్ని ఆత్మహత్యలు జరిగాయో మనకు తెలుసు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. దాదాపు కోటి చీరలు. మొదటి ఏడు సూరత్ నుంచి తెచ్చిన చీరల మీద అసంతృప్తి వచ్చినా, ఆ తర్వాత పని ప్రధానంగా సిరిసిల్లకే అందింది. సాంచాలు తిరిగాయి. కూలి పెరిగింది, కొన్ని ఇళ్లకు అప్పులు తీరాయి. దాన్ని కాదనడం న్యాయం కాదు.

కాని ఒకే కొనుగోలుదారుడు, ఒకే రకం సరుకు, సంవత్సరానికి ఒకే పండుగ. సాంచాలన్నీ ఆ లెక్కకే అమరాయి. 2024లో ఆ చీరల ఆర్డరు లేకపోయేసరికి సాంచాలు ఆగాయి. మళ్లీ ఆత్మహత్యల వార్తలు చదివాం. తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళల చీరలంటూ మరో పెద్ద ఆర్డరు వచ్చింది. ఆర్డరు వచ్చిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే మచిలీపట్నం చరిత్ర చదివినవాడికి ఆ సంతోషంలో ఒక భయం కలుస్తుంది. ఒక్క చొక్కా కుట్టలేని ఫ్యాక్టరీ ఎంత బలహీనమైందో, కోటి చీరలు తప్ప నేయలేని ఊరూ అంతే బలహీనమైంది.

నా విద్యార్థిని వాళ్ల నాన్న ఈ మాట నాకంటే బాగా చెప్పాడు. "సారూ, పెద్ద ఆర్డరు పెద్దింటి సంబంధం లెక్క. అచ్చినప్పుడు ఊరంత సంబరం. పోయినప్పుడు మన పిల్లనే ఇంట్ల ఉంటది." ఆయన ఆసామి కింద ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. యజమాని, ఆసామి, కార్మికుడు అనే మూడు మెట్లలో కిందిమెట్టు మీద నిలబడి చూసినవాడు.

8

ఆమెకు నేను చెప్పగలిగింది కొంచెమే. తక్కువ కనీసానికి ఎవరు కుడతారని వెతకడం ఆపి, ముందు మూడు ప్రశ్నలు అడగమన్నాను. మిగిలిపోయిన చొక్కా ఎవరి దగ్గర ఉంటుంది? పని లేని రోజుకు కూలి ఎవరు ఇస్తారు? మాట తప్పితే నష్టం ఎవరికి? ఈ మూడింటికీ జవాబు "కుట్టేవాళ్లకు" అయితే, వందకు ఒప్పుకున్నా అది న్యాయమైన వంద కాదు.

ఆమె నా మాటలు పూర్తిగా ఒప్పుకోలేదు. "మీరు చెప్పినట్టు చేస్తే నా చొక్క ధర రెండింతలయితది సార్. గంత పెట్టి ఎవరు కొంటరు? మీరు కొంటరా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. నా ఒంటి మీది చొక్కా తగ్గింపు ధరలకు అమ్మినప్పుడు కొన్నదే.

చివరికి ఆమె చేసింది ఇది. తిరుప్పూరు ఆలోచన ప్రస్తుతానికి మానుకుంది. ముందు కొలతలూ సగం డబ్బూ తీసుకుని, ఆ తర్వాతే గుడ్డ కొంటోంది. తమ ఊళ్లో మిషన్లున్న నలుగురు ఆడవాళ్లతో కుట్టిస్తోంది. కూలి ముక్కకు కాక రోజుకు ఇస్తోంది. రంగు విషయంలో ఆమెకు స్వేచ్ఛ లేదు, బజారులో దొరికిన గుడ్డ రంగే ఆమె రంగు. లాభం ఇంకా కనిపించలేదు. ఇది నిలుస్తుందో లేదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. నలుగురి మిషన్లతో ఢాకా, తిరుప్పూరు, గ్వాంగ్‌ఝౌల లెక్క మారిపోతుందని చెప్పేటంత అమాయకత్వం మా ఇద్దరికీ లేదు. ఆ లెక్క మారాలంటే కుట్టేవాళ్ల సంఘం కావాలి, రద్దయిన ఆర్డరుకు డబ్బు రాబట్టే చట్టం కావాలి, ఒక్క ఆర్డరు మీద ఊరంతా వేలాడని పరిశ్రమ విధానం కావాలి. అవి ఏ ఒక్కరూ విడిగా కుట్టగలిగినవి కావు.

మా ఏడో తరగతి అబ్బాయి చొక్కా ఆమే కుట్టించింది. యూనిఫాం గుడ్డ కోసం రెండు ఊళ్లు తిరగవలసి వచ్చింది. రంగు ఒక ఛాయ తేడా వచ్చింది. ఆ ఒక్క చొక్కాకు గుడ్డ, కూలి, తిరుగుడు ఖర్చులు ఎంతయ్యాయో కాగితం మీద రాసి, ఒక్క రూపాయి తగ్గించకుండా నా చేతికిచ్చింది. డబ్బు ఇచ్చి ఆ కాగితం దాచుకున్నాను. వాడు ఆ చొక్కా తొడుక్కుని ప్రార్థనకు వచ్చినప్పుడు రంగు తేడాను ఎవరూ పట్టించుకోలేదు. గుండీలు మాత్రం అన్నీ పెట్టుకున్నాడు, మెడ దగ్గరిది కూడా.